నాలుగో నంబరు చీటీ

పెద్ద సిస్టర్ రెండు చీటీలు గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కుతోంది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. ఇవాళ ఎవరో ఒకరి పని పట్టాల్సిందే.

ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరి బల్ల పగటి డ్యూటీలో ఇరవై రెండేళ్ళు ఆమెది. వచ్చిన మనిషిని ఎగాదిగా చూసి, నాలుగు ప్రశ్నలడిగి, రిజిస్టర్లో ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక నంబరు వేసేది. ఒకటంటే స్ట్రెచర్ మీద పరుగు. ఐదంటే మాత్ర ఇచ్చి ఇంటికి పంపడం. ఆవిడ నంబరు వేస్తే తిరుగులేదని డాక్టర్లే అనేవాళ్ళు.

మూడు నెలల కిందట ఆ బల్ల మీదికి కంప్యూటరొచ్చింది. బాధలేమిటో టైపు చేస్తే చాలు, నంబరు వేసిన చీటీ దానంతటదే బయటికొస్తుంది. పెద్ద సిస్టర్ని వార్డులు చూసుకోమని లోపలికి పంపారు. పేరుకి ప్రమోషనే. ఆమెకి మాత్రం సొంత వంటింట్లోంచి గెంటేసినట్టే ఉంది. అందుకే ఆ యంత్రానికి కొత్త కోడలని పేరు పెట్టింది. కొత్త కోడలు ఇవాళ ఎవర్ని ఏడిపించిందర్రా అని పొద్దున్నే వచ్చి అడుగుతుంటే, బల్ల దగ్గరి నర్సులు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

దాన్ని తెచ్చిపెట్టిన బట్టతల ఇంజనీరంటే మరీ మంట. వరండాలో ఎదురైతే చాలు, రెండు చేతులూ జోడించి "నమస్కారం గురువుగారూ" అంటాడు. వేళాకోళం కాకపోతే ఏమిటి? చేతిలో పని ఊడబెరికి, పైగా గురువుగారట!

ఇవాళ పొద్దున పదింటికి చెల్లెలు ఫోన్ చేసింది. దవడ లాగేస్తోందక్కా, ఒంట్లో సత్తువ లేదు, ఊరికే చెమటలు పడుతున్నాయంది. చెల్లెలికి యాభై నాలుగు. చిన్నప్పటినుంచీ గోరంతలు కొండంతలు చేసే రకం. అవతల మీటింగుకి వేళైపోతోంది. మళ్ళీ ఏదో టెన్షన్ పెట్టుకుని ఉంటావు, మంచినీళ్ళు తాగి కాసేపు నడుం వాల్చమని చెప్పి పెద్ద సిస్టర్ ఫోన్ పెట్టేసింది.

చెల్లెలు పడుకోలేకపోయింది. ఒక్కతే బస్సెక్కి ఆస్పత్రికొచ్చింది. అక్క పేరు చెప్పుకోవడానికి మొహమాటపడి, అందరిలాగే వరసలో నిలబడింది. కొత్త కోడలు ఆమెకి నాలుగో నంబరు చీటీ ఇచ్చింది. నాలుగంటే పిలిచేదాకా కుర్చీలో కూర్చోవడమే.

గంటన్నర కూర్చుంది. మీటింగు ముగించుకుని దిగొస్తున్న పెద్ద సిస్టర్‌కి, మూల కుర్చీలో ఒకామె తల పక్కకి వాల్చేసి కనిపించింది. ఒళ్ళో ఉన్న చేతిసంచీ తను కొనిచ్చిందే. దగ్గరికెళ్ళేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

గుండెపోటు. మూసుకుపోయిన నాళం తెరిచారు గానీ, రేపటిదాకా ఏ మాటా చెప్పలేనన్నాడు గుండె డాక్టరు. ఒక్క గంట ముందు తీసుకొచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదని కూడా అన్నాడు. అమ్మ పోయాక పెద్ద సిస్టర్‌కి మిగిలింది ఆ చెల్లెలొక్కతే.

తేరుకుని తిన్నగా ఎమర్జెన్సీ బల్ల దగ్గరికి నడిచింది. పొద్దుటి చీటీల నకళ్ళన్నీ తీయించింది. అందులో దొరికింది రెండో చీటీ. ఒక మగాయనది. యాభై నాలుగేళ్ళే. దవడ నొప్పి, నీరసం, చెమటలు. అచ్చం చెల్లెలు చెప్పినవే. నంబరు మాత్రం రెండు. పది నిమిషాల్లో లోపలికి తీసుకెళ్ళారట. ఇప్పుడు మంచం మీద లేచి కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. చెల్లెలి చీటీ అడుగున చిన్న అక్షరాలతో ఇంకో ముక్క కూడా ఉంది, ఆందోళన వల్ల కావచ్చునని.

ఇంజనీరు గది తలుపు తోసింది. అతను నమస్కారం పెట్టేలోపే చీటీలు రెండూ బల్ల మీద పడేసింది.

"దీనికీ దానికీ తేడా ఏమిటో చదివి చెప్పండి."

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఒకరు మగ, ఒకరు ఆడ. అంతే తేడా," అన్నాడు మెల్లగా.

ఇక పెద్ద సిస్టర్ ఆగలేదు. ఆడదాని నొప్పి నొప్పి కాదా, మగాడు చెబితే గుండె, ఆడది చెబితే ఆందోళనా అని కడిగిపారేసింది. ఇలాంటి బుద్ధి దానికి నేర్పిన మనిషి అక్కచెల్లెళ్ళ మధ్య పుట్టి ఉండరంది. అంటూనే ఏడ్చేసింది.

అతను మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు. మేం దానికి ఏ బుద్ధీ నేర్పలేదండీ అన్నాడు. రికార్డు గదిలోంచి పాత రిజిస్టర్లు తెచ్చి చదివించారట. ఎవరికి ఏ నంబరు పడిందో చూసి అదే నేర్చుకుందట. అందరి రాతలూ కలిపితే గందరగోళమవుతుందని, ఆస్పత్రి మొత్తానికీ మంచి పేరున్న ఒక్క నర్సు రాసిన పన్నెండేళ్ళ రిజిస్టర్లే ఏరారట.

పెద్ద సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. జేబులోంచి పెన్ను తీసి, బల్ల మీది కాగితం ముందుకి లాక్కుంది.

"ఎంతమంది ఉసురు పోసుకుందో ఆ మహాతల్లి. పేరు చెప్పండి. ఇవాళే ఫిర్యాదు రాస్తాను."

అతను చీటీలు రెండూ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు.

"మీరు వేళాకోళమనుకున్నట్టున్నారు గానీ, అది చదివిన రిజిస్టర్లన్నీ మీవే కాబట్టే నేను మిమ్మల్ని గురువుగారూ అంటున్నాను."