కార్డు వచ్చేదాకా

నివాసపు కార్డు వచ్చేవరకు భర్త కొట్టే దెబ్బలు ఓర్చుకోమని సలహా ఇచ్చే పెద్దలు ఐర్లండ్‌లోని మనవాళ్లలోనూ ఉన్నారు. కార్డు కోసం ఎదురుచూపు ఎంత సాగితే ఆ సలహా అంత ప్రమాదకరం. అందుకే దీన్ని ఇప్పుడే చెప్పవలసి వస్తోంది.

అత్లోన్‌లోని మా న్యాయవాద కార్యాలయానికి అబిగేయిల్ అనే నర్సును ఆమె చర్చి పెద్ద టైటస్ గారు వెంటబెట్టుకొని వచ్చారు. ఆమె ఎడమ చెంప వాచి ఉంది.

"చెప్పండి మేడం, కార్డు ఎప్పటికొచ్చిద్ది?" అన్నారాయన.

"ఏడాది పట్టవచ్చు. ఇంకా ఆలస్యమూ కావచ్చు."

"విన్నావా అమ్మాయ్? ఏడాదేగా! నైట్ డ్యూటీలు వేయించుకో. ఇద్దరూ ఎదురుపడేదే ఉండదు. అంతా గ్రాండ్!"

నేను ఆమె వైపు తిరిగాను.

"కార్డు కోసం దెబ్బలు తినమని ఏ చట్టమూ చెప్పదమ్మా. భర్త హింసిస్తుంటే, విడిపోయి, మీ పేరుతోనే వేరుగా నివాస అనుమతి అడగవచ్చు."

అబిగేయిల్ తలెత్తింది.

"నాకెందుకు మేడం కార్డు? నేను ఐరిష్ సిటిజన్ని. రావాల్సింది ఆయనకి."

టైటస్ గారు గొంతు సవరించుకున్నారు.

"మా అన్న కొడుకండీ. ఈ అమ్మాయి విడిపోయి, కార్డు లేకుండా వాడు వెనక్కెళ్తే, సంబంధం కుదిర్చిన నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆయనను బయటకు పంపించి, గార్డా పోలీస్ స్టేషన్‌కు నేను తోడు వస్తానని ఆమెతో చెప్పాను.

"రేపు చెప్తా మేడం," అంది.

ఆమె రేపు వస్తుందో రాదో నాకు తెలియదు.