రంగూన్ తేయాకు

1942 ఎండాకాలం. ఆదోని స్టేషన్‌లో రైలు దిగి ఒకామె సుబ్బలక్ష్మి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఒక్కటే మూట. అందులో వెదురు పొరల్లో చుట్టిన తేయాకు బిళ్ళలు.

"నేను ప్రభావతిని, అత్తమ్మా" అంది.

రంగూన్ మీద బాంబులు పడి చిన్నకొడుకు చంద్రమౌళి పోయాడన్న కబురు సుబ్బలక్ష్మికి అప్పటికే అందింది. కోడలు బర్మా అడవులు నడిచి దాటుతుందని ఎవరూ అనుకోలేదు. పెళ్ళి అక్కడే జరిగింది. అత్తాకోడళ్ళు కలవడం ఇదే మొదలు.

"ఇది పెళ్ళిరోజు చీనా అంగట్లో కొన్నది. పుయెర్ అంటారు. ఏళ్ళ తరబడి దాస్తే రుచి పెరుగుతుందట. పదో ఏట మీకు తాగించాలని ఆయన అనుకున్నారు..."

మాట పూర్తి కాలేదు. సుబ్బలక్ష్మి ఆమెను పొదివి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ఉత్తరపు గది ఖాళీ చేయించారు. ఆమె ఆ బిళ్ళలను గోడకు తగలకుండా, గాలి ఆడేలా చెక్క అల్మారాలో పేర్చింది. ఆ గదిలో కర్పూరం వెలిగించనీయలేదు. ఇంగువ, నూనె దగ్గరికి రానీయలేదు. ఏ వాసన తగిలినా ఆకు పట్టేసుకుంటుందట. ఎండలకు ఆకు పెళుసెక్కకుండా మూలన నీళ్ళకుండ పెట్టేది. వానలు పడితే కుండ తీసేసి, బూజు పడుతుందేమోనని ఒక్కో బిళ్ళనూ పొడిగుడ్డతో తుడిచేది.

తుడుస్తూ మాట్లాడేది.

"మీరు చెప్పినట్టే పెట్టాను. చెడనీయను. నన్ను అలా చూడకండి."

ఇల్లు ఊడ్చే భీమమ్మ ఆ గదిలోకి పోవడం మానేసింది. "ఆడ సిన్నయ్య ఉండాడమ్మా" అనేది.

సుబ్బలక్ష్మికి భయం వేయలేదు. పోయి గుమ్మంలో కూర్చునేది. తొలకరికి తడిసిన మట్టిలా, పాత కొయ్యలా వాసన. కొడుకు పక్కనుంచి నడిచిపోయినట్టుండేది.

"పలుకుతాడా?" అని ఒకసారి అడిగింది.

"పలకరు అత్తమ్మా. చూస్తుంటారు."

పేరు పెట్టి పిలిస్తే ఆమె వెంటనే తిరిగేది కాదు. రెండోసారి పిలవాలి. బాంబుల మోతకు చెవులు దెబ్బతిన్నాయి కాబోలు అనుకున్నారు. అందరూ తిన్నాకే తినేది. పీట వేసినా నేలమీదే కూర్చునేది.

రెండేళ్ళ తర్వాత ఎమ్మిగనూరు నుంచి ఉచ్చీరప్ప అనే నేతగాడు వచ్చాడు. రంగూన్‌లో చంద్రమౌళి ఇంటి పక్కనే ఉండేవాడట, తనూ ఆ అడవుల దారినే నడిచి వచ్చాడట. పెద్దకొడుకు దామోదరం సంబరపడి, పత్తి దుకాణం నుంచి అతన్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఎవరో తెలియగానే ఆమె ఉత్తరపు గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

సుబ్బలక్ష్మి ఉచ్చీరప్పను వసారాలోనే కూర్చోబెట్టింది. దామోదరాన్ని దుకాణానికి పంపేసి, అతనితో చాలాసేపు మాట్లాడింది. మజ్జిగ ఇచ్చింది. గడప దాటనీయకుండానే సాగనంపింది.

"అంత దూరం నుంచి వచ్చినాడు. మరదలిని ఒకసారి పలకరించనీకపోతివే" అని సాయంత్రం దామోదరం నొచ్చుకున్నాడు.

"రంగూన్ మాటలు ఆ బిడ్డకు వద్దప్పా. ఆడినుంచి ఎవురొచ్చినా ఇంట్లోకి తేవద్దు."

తర్వాత తనే పోయి తలుపు తట్టింది. "పోయినాడులే. బయటికి రా తల్లీ."

ఆమె వచ్చింది. ముఖమంతా చెమట. ఆ పూట అన్నం ముట్టలేదు.

చంద్రమౌళికి పెళ్ళైన పదో ఏడు వచ్చేసరికి సుబ్బలక్ష్మి మంచం పట్టింది. ఒక ఉదయం ఆమె ఉత్తరపు గదిలోంచి ఒక బిళ్ళ తెచ్చి, సన్నని కత్తితో అంచు విరిచింది. మొదటి నీళ్ళు పారబోసి, మళ్ళీ మరిగే నీళ్ళు పోసింది. పాకం రంగు దిగింది.

సుబ్బలక్ష్మి గుక్కెడు తాగి కళ్ళు మూసుకుంది. ఎంతకూ తెరవలేదు. రెప్పల కిందనుంచి నీళ్ళు జారాయి.

"మావాడి సొత్తు బాగా కాపాడినావు" అంది చివరికి.

ఆమె ఇంకో గ్లాసు తీసుకుని ఉత్తరపు గదిలోకి పోయింది. అల్మారా ముందు పెట్టి మోకరించింది.

"తాగించాను. మాట నిలబెట్టుకున్నాను. ఇక నన్ను వదిలేయండి" అని ఏడ్చింది.

ఆ ఏడుపు మంచం దాకా వినిపించింది. సుబ్బలక్ష్మి ఆమెను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, తల నిమిరింది.

"నా కోడలు ప్రభావతి బర్మా అడవుల్లోనే పోయిందని నాకు తెలుసులే, నీ పేరేందో ఇంగనన్నా సెప్పు తల్లీ."