నాగరాణి దగ్గర నేర్చుకున్నది

వర్షిణి ఫోన్ చేస్తే నాగరాణి ఎత్తడం మానేసి ఎనిమిది రోజులు. హైదరాబాద్‌లో వాహన ప్రదర్శన రేపు.

వర్షిణి పరాయిపిల్ల కాదు. సొంత అక్క కూతురు. అక్క పోయాక ఆ పిల్లకు జడ వేసి బడికి పంపింది నాగరాణే. పదిహేనేళ్ల వయసులో పెన్‌పహాడ్ పొలాల్లో ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పక్కనే కూర్చోబెట్టుకుని, క్లచ్ ఎంత వదలాలో నేర్పిందీ నాగరాణే. ఇప్పుడు వర్షిణికి మిర్యాలగూడలో ట్రాక్టర్ల షోరూములో ఉద్యోగం. ప్రదర్శన సంగతి మొదట మోసుకొచ్చింది కూడా ఆ పిల్లే.

"చిన్నమ్మా, కంపెనోళ్లు కొత్త బండి తెస్తున్నరట. మంచి డ్రైవర్ కావాలన్నరు. నీ పేరు చెప్పిన."

చెప్పదగ్గ పేరే అది. నాట్లకు ముందు పొలంలో నీళ్లు పెట్టి, మట్టిని బురదగా కలియదున్ని కరిగెట చేయాలంటే చుట్టుపక్కల నాగరాణి తర్వాతే ఎవరైనా. మడి మూలల్లో పార పట్టే పని మిగల్చదు. గట్టు తెగనివ్వదు. సీజన్లో రైతులు వారం ముందే ఫోన్ చేసి ఆమె రోజు అడుగుతారు.

కంపెనీ నుంచి ప్రశాంత్ అనే ఇంజినీరు వచ్చాడు. కోదాడ అబ్బాయి. "మేడం" అనకుండా మాట మొదలుపెట్టడు. ట్రాక్టర్‌కు ముందొకటి, వెనకొకటి కెమెరాలు బిగించాడు.

"మీ పనితనం లోకమంతా చూడాలి మేడం" అన్నాడు.

ఇరవై రోజులు పెన్‌పహాడ్‌లో, నిడమనూరులో, అనంతగిరిలో కరిగెట చేయించాడు. ఇక్కడెందుకు నిదానించారు, అక్కడెందుకు గేరు మార్చారు అని అడిగి ప్రతిదీ రాసుకున్నాడు.

"నీళ్లు కదిలే తీరు సూడాలె సారూ. సుడి తిరిగినట్టు పోతే కింద గుంత ఉన్నట్టు" అని నాగరాణి విడమరిచి చెప్పింది. ఆ కిటుకు అంతకుముందు వర్షిణికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సూర్యాపేట వెళ్లి ఆకుపచ్చ చీర కొనుక్కుంది. అది కట్టుకుని కుచ్చిళ్లు తట్టుకోకుండా ట్రాక్టర్ ఎక్కడం, దిగడం వాకిట్లో పదిసార్లు చేసి చూసుకుంది. గొర్లను తోలుకుపోతూ భర్త బీరన్న నవ్వాడు.

"పెండ్లికి గూడ గింత తయారు కాలే నువ్వు."

ప్రదర్శన పది రోజులుందనగా ప్రశాంత్ ఫోన్ చేశాడు.

"మీరు స్టేజీ మీద ఉంటారు మేడం. బండి మీరు నడపక్కర్లేదు."

"మరి ఎవలు నడుపుతరు సారూ?"

"అది ఆ రోజు దాకా బయటపెట్టకూడదు మేడం. ఎవరి దగ్గరో కాదు, మీ దగ్గర నేర్చుకున్నదే. అచ్చం మీలాగే నడుపుతుంది."

నాగరాణి దగ్గర నేర్చుకున్నది ఈ లోకంలో ఒక్కతే.

మరునాడు పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కింది. షోరూములో నలుగురి ముందే అడిగేసింది.

"నా పేరు చెప్పినట్టే చెప్పి, నా జాగల నువ్వు నిలవడ్డవా?"

వర్షిణి బిత్తరపోయింది. "ఏం మాట్లాడుతున్నవ్ చిన్నమ్మా? నాకేం తెల్వదు."

"తెల్వదా? ప్రశాంత్ సారే చెప్పిండు, నా తాన నేర్చుకున్నదే నడుపుతదని."

"ఒట్టు చిన్నమ్మా! నాకు ఆడికి పోనీకి పాసే ఇయ్యలే."

"బండెక్కేదానికి పాసెందుకే? నా చెయ్యి పట్టుకొని నేర్చి, నా నోట్లనే మట్టి కొడ్తివి గదనే!"

వర్షిణి ఏడుస్తూనే మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. నాగరాణి ముట్టుకోలేదు. ఆ ఏడుపూ నటనే అనిపించింది.

ఇంటికొచ్చాక బీరన్న నచ్చజెప్పబోయాడు. "ఆ పిల్ల గట్ల చేసేది కాదు. జర ఆలోచించు."

"నువ్వు గొర్లను సూసుకో పో."

ఆ రోజు నుంచి వర్షిణి ఫోన్ చేస్తూనే ఉంది. నాగరాణి కట్ చేస్తూనే ఉంది. ప్రదర్శనకే వెళ్లకూడదనుకుంది. ఆఖరికి వెళ్లాలనే నిశ్చయించుకుంది. అంతమందిలో తన కళ్లబడితే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుందో చూడాలి.

హైదరాబాద్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఎటు చూసినా మెరిసే కార్లు, లారీలు. మైదానం నడుమ మట్టి పోసి, నీళ్లు పెట్టి, గట్లతో సహా మడి కట్టారు. ప్రశాంత్ ఆమెను స్టేజీ మీదికి తీసుకెళ్లి శాలువా కప్పాడు. ఎందుకో ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు.

మైకులో ఎవరో ఇంగ్లీషులో ఏదో చెప్పారు. చప్పట్లు మోగాయి. తెర వెనక ఇంజను స్టార్టయింది.

నాగరాణి తల వంచుకుంది. చూడబుద్ధి కాలేదు. చెవులు మాత్రం వింటూనే ఉన్నాయి. గట్టు దిగేటప్పుడు ఇంజను గొంతు తగ్గింది. తనూ అక్కడే తగ్గిస్తుంది. మూలకు రాగానే రెప్పపాటు ఆగి, కాస్త వెనక్కొచ్చి, మళ్లీ కదిలింది. తనూ అంతే. చప్పుడు వింటుంటే తానే నడుపుతున్నట్టుంది.

బాగానే నేర్చింది ముదనష్టపుది, అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

జనం లేచి నిలబడి అరుస్తున్నారు. ఇక ఆ మొహం ఒక్కసారి చూసి, నాలుగు మాటలు అనేసి వెళ్లిపోదామని నాగరాణి తలెత్తింది.

బురదలో ట్రాక్టర్ మూల తిరుగుతోంది, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది, సీట్లో ఎవరూ లేరు.