చెడ్డ కబురు చెప్పే పరీక్ష

"లోపలున్నవాళ్లు నటులని మీకు తెలుసు. తెలిసినట్టు కనపడ్డారో, సున్నా!" అంది ఇంటర్వ్యూలు నడిపే మిసెస్ ప్రూయిట్, వరసగా నిలబెట్టిన అభ్యర్థుల్ని కళ్లతోనే తూకం వేస్తూ. "'మీరు నటులేనా?' అని అడిగినవాళ్లు అటునుంచి అటే ఇంటికి. గంట మోగితే లోపలికి, మళ్లీ మోగితే బయటికి. మాట సగంలో ఉన్నా సరే లేచి రావాలి. రాలేదో, తరవాతి గది పోయినట్టే."

వెర్నా స్టిడమ్ తలూపింది. ఈ మాటలు ఆమెకు కొత్త కాదు. ఫిజీషియన్ అసిస్టెంట్ కాలేజీ ఇంటర్వ్యూకి రావడం ఇది మూడోసారి. అంబులెన్సులో మనుషుల్ని మోసి మోసి నడుం పోయింది. సీటొస్తే డాక్టరు పక్కన నిలబడి వైద్యం చేస్తుంది. రాకపోతే మోసే చోటే ఒకనాడు కూలబడుతుంది. ఈ సీటుకి తప్పనిసరని ఎప్పుడో రాత్రి క్లాసుల్లో పాసైన కెమిస్ట్రీ ఈ ఏడాది దాటితే చెల్లదు. కాబట్టి నాలుగోసారి అనేది లేదు.

నిరుడు ఎందుకు తీసుకోలేదని ఫోన్ చేసి అడిగితే, "మీరు రోగులతో వైర్‌లెస్‌లో మాట్లాడినట్టు మాట్లాడతారమ్మా. అందులో మనసు లేదు" అన్నారు. ఆ మాటన్న పెద్దమనిషి జన్మలో స్ట్రెచర్ కొస పట్టుకుని ఉండడు. అయినా సీటిచ్చేది ఆయనే.

"ఏం మేడమ్, మళ్లీ వచ్చారా? మీకిక్కడ పర్మనెంటుగా ఒక కుర్చీ వేయించాలి," అంది పక్కనున్న పిల్ల, కొత్త కోటు సర్దుకుంటూ.

"వేయించమ్మా. వచ్చే ఏడు నువ్వొచ్చినప్పుడు కూర్చుందువుగాని."

కాలేజీలో గదులు చాలక ఏటా ఈ తంతు ఆపరేషన్ థియేటర్లున్న ఆసుపత్రి పాత భవనంలోనే పెడతారు. వసారా పొడుగునా తలుపులు. తలుపుకీ తలుపుకీ మధ్య గోడకు అంటించిన కాగితాలు. వెర్నా తన ముందున్న కాగితం చదివింది. 'లోపల ఒక తండ్రి ఉన్నాడు. ఆయన కూతురు ఆపరేషన్ బల్ల మీద చనిపోయింది. ఆ సంగతి చెప్పండి.'

గంట మోగింది. కాగితానికి రెండు పక్కలా ఉన్న తలుపుల్లో ఆమె చేతికందినదాన్ని తోసింది.

కూర్చున్న మనిషి చటుక్కున లేచాడు. ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ సంచిని గుండెకు అదుముకున్నాడు. అందులో ఆడపిల్ల బూట్లు.

"డాక్టరమ్మవా?"

"కాదండీ. నా పేరు వెర్నా. కూర్చోండి."

"పొద్దుట్నించీ కూర్చునే ఉన్నా తల్లీ. మా లారెల్ ఎట్టా ఉంది?"

పేరు కూడా పెట్టుకొచ్చాడు, అనుకుంది. నిరుటి నటుడు తలుపు తీయకముందే ఏడుపు మొదలెట్టాడు. ఈయన గోళ్లలో నల్లటి గ్రీజు ఉంది, గడ్డం కింద బ్లేడు గాటు ఉంది. కాలేజీవాళ్లు ఈసారి బాగానే వెతికారు.

'మీకీ విషయం తెలియజేయడానికి చింతిస్తున్నాం' అన్న పుస్తకంలోని వాక్యం నోటిదాకా వచ్చింది. మింగేసింది. కుర్చీ లాక్కుని మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"అయ్యా, లారెల్ చనిపోయింది. ఆపరేషన్ బల్ల మీదే పోయింది. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. ప్రాణం నిలవలేదు."

అతను ఆమె నోటి వంకే చూశాడు, ఇంకేదో మాట రావలసి ఉన్నట్టు.

"గాల్‌బ్లాడర్ రాళ్లన్నారు గదా," అన్నాడు చివరికి. "చిన్న పనేనన్నారు. పిల్ల నవ్వుకుంటా లోపలికి పోయింది."

వెర్నా చెయ్యి చాపి అతని చేతి మీద వేసింది.

"దానికి నొప్పి తెలిసిందా?"

"లేదండీ. నిద్రలోనే పోయింది."

"వాళ్లమ్మకెట్టా చెప్పేది? కోడిమాంసం ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉంది. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు."

"నేనూ వస్తాను. ఇద్దరం వెళ్లి చెబుదాం."

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అది విన్నాక అతను కూలిపోయాడు. సంచి జారి కింద పడింది. ముఖం ఆమె భుజానికి ఆనించి, ఒళ్లంతా ఊగిపోతూ ఏడ్చాడు.

గంట మోగింది.

వసారాలో తలుపులు తెరుచుకున్నాయి. బూట్ల చప్పుళ్లు ఒక గది నుంచి మరో గదికి మారాయి. అతను తలెత్తాడు.

"నిన్నేనా తల్లీ పిలుస్తోంది? పోవాలా?"

వెర్నాకు అంతా తెలుసు. ఇప్పుడు లేవకపోతే తరవాతి గది పోతుంది. దానితో సీటూ పోతుంది. అతని వేళ్లు ఇంకా ఆమె చేతిని వదల్లేదు.

"అక్కర్లేదండీ. ఉంటాను."

పోతే పోనీ అనుకుంది. ఇన్నేళ్లలో ఆమె చావుకబురు ఇంత మనసు పెట్టి ఎవరికీ చెప్పలేదు. నిరుడు మనసు లేదన్న పెద్దమనిషి ఇప్పుడొచ్చి చూడాలి.

తలుపు మీద ఎవరో తట్టారు. మిసెస్ ప్రూయిట్ తనను బయటికి గెంటడానికే వచ్చిందనుకుని వెర్నా ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. మాస్కు మెడ మీదికి లాక్కుంటూ ఒక డాక్టరు నవ్వుతూ తల లోపలికి పెట్టాడు.

"టాకెట్ గారూ, మీ లారెల్‌కి మెలకువొచ్చిందండీ. నాన్న ఏడీ అని అడుగుతోంది."