గోడ దాటని బిడ్డ

“మా బిడ్డ ఆ గోడ దాటి పోయిందే లేదు మేడమ్. మీరు వేరే ఎవరి బిడ్డ రక్తమో చూసినట్టుండారు,” అంది మునీశ్వరి. నాలుగేళ్ల హేమశ్రీని చంకలోంచి కిందికి దించనే లేదు.

ఆరోగ్యశాఖ డాక్టరు సుజన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉంది. వెనక మున్సిపల్ ఇంజనీరు జయరావు నిలబడి ఉన్నాడు. చిత్తూరు శివార్లలోని ఆ వీధి చివర పాత బ్యాటరీలు కరగబెట్టే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అది మూతబడ్డాక ఆ స్థలంలో పిల్లలకు పార్కు కట్టాలని మున్సిపాలిటీ పూనుకుంది. నేలలో సీసం దిగి ఉంది, ముందు చుట్టుపక్కల పిల్లల రక్తం చూడందే ఒప్పుకోమని ఆరోగ్యశాఖ అడ్డం పడింది. చూశారు. గోడ దూకి లోపల క్రికెట్ ఆడే పిల్లలకు సీసం కొంచెం ఎక్కువగా తేలింది. ఆ గోడే దాటని హేమశ్రీకి వాళ్లకంటే మూడింతలు తేలింది.

“వేరే బిడ్డది కాదమ్మా, రెండుసార్లు చూసినాం,” అంది సుజన. సీసం ఎక్కువైతే బిడ్డ ఎదుగుదల, చదువు దెబ్బతింటాయని, ఇప్పుడే ఆపగలిగితే మెల్లగా తగ్గుతుందని, అది ఎక్కడినుంచి ఒంట్లోకి పోతోందో కనుక్కోవడమే ముఖ్యమని నిదానంగా చెప్పింది. మునీశ్వరి చెవికి మొదటి మాటే ఎక్కింది. ఆపైన ఆమె కళ్ల ముందు రాయవేలూరు ఆసుపత్రి, ఇనుప మంచం, బిడ్డ చేతికి సూది, మంచం పక్కన నేల మీద తాను. అక్కడితో ఆగినా బాగుండు. మనసు ఇంకా ముందుకు పోయింది. వద్దు వద్దనుకుంటూ బిడ్డను గట్టిగా అదుముకుంది.

జయరావు గొంతు సవరించుకున్నాడు. “నేను మొదటినుంచీ చెప్తానే ఉండా మేడమ్. లోపల పొర్లాడే పిలకాయలకు తక్కువ, లోపలికే పోని పాపకు ఎక్కువ. దోషం నేలదైతే ఇట్లుంటాదా? ఏదో ఈ ఇంట్లోనే ఉండాది.”

ఇద్దరికీ నెలనుంచీ ఇదే తగవు. ఆ మట్టినంతా తవ్వి తీసేయాల్సిందేనని సుజన. అంత పని ఎందుకు, పైన రెండడుగుల కొత్త మట్టి పోసి గడ్డి పరిస్తే చాలని జయరావు.

“ముందు ఇల్లు చూడనీండి,” అని సుజన లేచింది.

వీధిలోని అన్ని ఇళ్లనుంచీ బోరు నీళ్లు, పసుపు, కుంకుమ, కాటుక పోయిన వారమే పరీక్షకు పంపారు. వాటిలో ఏమీ లేదు. ఇప్పుడు గోడల రంగు గీకి చూసింది, బొమ్మలు చూసింది, వంట గిన్నెలు తిరగేసి చూసింది. భర్త ఢిల్లీబాబు ఏం పని చేస్తాడని అడిగింది. పలమనేరునుంచి పాల వ్యాను తోలుతాడని, బ్యాటరీల జోలికి పోడని మునీశ్వరి చెప్పింది. అడగకుండానే ఇంకా చాలా చెప్పింది. గాలి లేస్తే ఫ్యాక్టరీ పక్క కిటికీ మూసేస్తుంది. నీళ్లు కాచి వడపోసి గానీ బిడ్డ నోట్లో పోయదు. బయటినుంచి ఎవరొచ్చినా కాళ్లు కడిగించి గానీ గడప తొక్కనివ్వదు. వీధి పిల్లలతో ఆటలు లేవు.

పక్కింటి గ్రేసీ పిట్టగోడ మీదినుంచి తొంగి చూసింది. “బిడ్డను బీరువాలో పెట్టి బీగం వేసుకో అని నేనే చెప్పినా మేడమ్. గాలి ఆడదేమోనని భయపడి మానుకునింది.”

సుజన నవ్వలేదు. “నాకూ ఇద్దరుండారు. ఇంత జాగర్తగా నేను చూసుకోలేదు,” అంది. ఆ మాటకు మునీశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు నీదేనని అంటారేమోనని పొద్దుటినుంచీ బిగబట్టుకుని ఉంది పాపం.

గంటసేపు వెతికినా ఇంట్లో ఏమీ దొరకలేదు. సుజన అలిసిపోయి మళ్లీ కుర్చీలో కూర్చుంది. జయరావు ఈసారి గొంతు తగ్గించాడు. పాప సంగతి ఆసుపత్రివాళ్లు చూసుకుంటారని, దీనికోసం పార్కు పని ఇంకా ఎన్నాళ్లు ఆపుతారని అడిగాడు. “సరే, పైన మట్టి పోసే పనే చేసుకోండి. అడ్డం చెప్పడానికి నా చేతిలో ఏముండాది,” అంది సుజన. తర్వాత మునీశ్వరివైపు తిరిగి, రేపు బిడ్డను తిరుపతి ఆసుపత్రికి తీసుకురమ్మని, కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని చూస్తామని చెప్పింది.

ఆసుపత్రి అనగానే మునీశ్వరి రెండడుగులు వెనక్కి వేసింది. తల్లి ముఖం చూసి బిడ్డ ఏడుపు అందుకుంది. మునీశ్వరి గబగబా కొంగు ముడి విప్పి, అందులోంచి చిటికెడు తీసి, బిడ్డ నాలుక మీద రాయబోయింది.

సుజన చప్పున ఆ చేయి పట్టుకుంది. “ఏమిది?”

“పుట్టమన్ను మేడమ్. నాగుల చవితికి అందరూ చెవులకు పెడతారు కదా. నాకు భయమేసినప్పుడంతా బిడ్డ నాలిక్కి ఇంత రాస్తా, ఏమీ కాకూడదని.”

సుజన చేయి వదల్లేదు. “ఎప్పుడెప్పుడు భయమేస్తాదమ్మా నీకు?”

“దినామూ భయమే మేడమ్.”

“ఆ పుట్ట యాడుండాది?” సుజన మెల్లగా అడిగింది.

“ఫ్యాక్టరీ లోపల. బిడ్డను మటుకు గోడ ఇవతలే నిలబెట్టి, నేనొక్కదాన్నే పోయి తెచ్చుకుంటా.”