జ్వరం తిన్న జుట్టు

"మిగతా జుట్టు ఎక్కడ దాచావు?" అంది ఉల్రికా.

మార్గిత్ తలెత్తలేదు. జుట్టు అల్లే గుండ్రటి బల్ల చుట్టూ, పోగులు బిగువుగా ఉండేందుకు వేలాడదీసిన సీసపు గుండ్లను ఒక్కొక్కటీ విప్పుతోంది. కంకణం పూర్తయింది. గడ్డిపోచంత సన్నగా ఉంది.

ఉల్రికా ఓడ కెప్టెన్ భార్య. ఒక్కతే కూతురు, ఎబ్బా. పందొమ్మిదేళ్లకు విషజ్వరంతో పోయింది. ఆ పిల్ల జడను కంకణంగా అల్లించి ముంజేతికి కట్టుకోవాలని, చివరికి అది తనతోనే మట్టిలోకి పోవాలని తల్లి కోరిక.

పోయినవాళ్ల జుట్టు అల్లి గొలుసులు చేయడం వాంహుస్ పల్లె ఆడవాళ్ల బతుకు. మార్గిత్ అక్కడిదే. బల్ల వీపున కట్టుకుని ఊరూరా నడుస్తుంది. వీళ్లు జుట్టు కాజేసి అమ్ముకుంటారని పెద్దిళ్లలో అనుమానం. అందుకే అల్లిన నాలుగు రోజులూ ఉల్రికా ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

జ్వరం తిన్న జుట్టు, అల్లకముందు శుభ్రం చేయడానికి చాకలిసోడా కలిపిన నీళ్లలో ఉడికించేసరికి చాలావరకు ముక్కలై నీళ్లతో పోయిందని, నిలిచింది ఇంతేనని మార్గిత్ చెప్పింది. ఉల్రికా నమ్మలేదు. కాస్త వేరే జుట్టు కలిపి లావు చేసివ్వమని వంటమనిషి మధ్యలో సర్దబోయింది.

"పరాయి పోగు కలపను," అంది మార్గిత్. "అమ్మగారికి కావలసింది బిడ్డా, లావా?"

"దొంగకు నోరొకటి," అంది ఉల్రికా.

"దొంగ అన్నాక కూలి ముట్టను. ఉంచుకోండి."

పెట్టిన రొట్టె కూడా తినకుండా బల్ల వీపున వేసుకుని వెళ్లిపోయింది. ఉన్నవాళ్ల గుమ్మంలో లేనివాళ్ల మాట ఏనాడు చెల్లింది గనక.

ఉల్రికా ఆ కంకణాన్ని స్టాక్‌హోంలో ఒక నగల కొట్టుకు పంపింది. అదే జుట్టు విప్పి, లావుగా అల్లమని రాసింది. నెలలో వచ్చింది. వేలెడు లావు, మెరుపు, బంగారు కొక్కెం. చర్చిలో అందరికీ చూపించి, పల్లెదాని దొంగతనం కథలు కథలుగా చెప్పింది. ఆ శీతాకాలం వాంహుస్ ఆడవాళ్లకు ఆ ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

వేసవిలో కొక్కెం ఊడితే తనే కొట్టుకు వెళ్లింది.

గుమాస్తా సొరుగు లాగాడు. ఇరవై కంకణాలు. అన్నీ అదే రంగు, అదే లావు. బాగుచేయడం దేనికి, వీటిలో ఒకటి తీసుకోండి అన్నాడు.

"ఇది నా కూతురి జుట్టు," అంది ఉల్రికా.

గుమాస్తా సొరుగు మెల్లగా మూశాడు.

"మీరు పంపింది విప్పగానే పొడైపోయిందమ్మగారూ. అల్లికలో ఉన్నంతసేపే నిలిచింది. అలా నిలపగలిగిన చేయి మా కొట్లో ఒక్కటీ లేదు."