కర్తో కొన్న ఫ్రేము

"అసలుదా, నకిలీదా? ఒక్క మాట చెప్పండి హర్సోయోగారూ. దాంతో మా అమ్మ నోరు మూతపడాలి," అన్నాడు తుకిమిన్.

అతని పక్కనే తల్లి సుమియెమ్ నిలబడి ఉంది. పోయిన భర్త కర్తో దాచుకున్న పాత సైకిలు ఫ్రేముని బాతిక్ గుడ్డలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది.

"మడిచెక్క ఇచ్చేసి ఈ తుప్పు కొన్నాడు మా నాన్న. ఊరంతా నవ్వింది."

"నవ్వనీ. డచ్చివాళ్ల కాలం నాటిదని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడీయన చెబుతాడు, విను," అంది సుమియెమ్.

క్లాతెన్ ఊరి చుట్టుపక్కల పాత సైకిళ్ల విషయంలో హర్సోయో మాటకి తిరుగులేదు. అతను ఫ్రేముని గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లాడు. గొట్టాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు. కంగుమంది. అతుకుల మీద వేలు పోనిచ్చాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. సీటు గొట్టం మీద, దళసరి నల్లరంగు అడుగున, డచ్చి కంపెనీ సైకిళ్లకి ఉన్నట్టే గుద్దిన అంకెలు చేతికి తగిలాయి. ఇలాంటిదాని కోసం ఎన్ని సంతలు తిరిగాడో!

మొహం మాత్రం చిట్లించాడు.

"ప్చ్. నకిలీదమ్మా."

సుమియెమ్ ఫ్రేము వైపు వేలు చూపించింది. "రంగు గీకి చూడరా?"

"ఎందుకు శ్రమ? పట్టుకుంటేనే తెలిసిపోతోంది. ఎవడో మీ ఆయనకి శుభ్రంగా టోపీ పెట్టాడు."

తుకిమిన్ పగలబడి నవ్వాడు. "విన్నావా అమ్మా? ఎప్పుడూ ఆయన్నే వెనకేసుకొచ్చేదానివిగా!"

ఆమె ఏడవలేదు. "మంచాన పడ్డాక కూడా దీన్ని తుడవమనేవాడు. తుడిచేదాన్ని," అంది, ఎవరికో చెబుతున్నట్టు.

"పద, పాత ఇనుము వాడికి వేసేద్దాం."

"అంతదూరం ఏం మోస్తారు? ఇక్కడే పడేసి పొండి. బల్లకి కాళ్లు చేయించుకుంటాను," అన్నాడు హర్సోయో, పోనీలే పాపం అన్నట్టు.

గుడ్డ మడిచి ఇవ్వబోతే సుమియెమ్ చెయ్యి చాచలేదు. "అదీ ఉంచుకోండి," అని కొడుకు వైపు తిరిగింది. "ఇటునుంచి ఇటే సమాధికి పోయి, పూలు చల్లి, 'మీ మాటే నెగ్గింది' అని ఆయనకి చెబుదామనుకున్నా. వద్దులే. ఇంటికే పద."

వాళ్లు వీధి మలుపు తిరగ్గానే హర్సోయో తలుపు వేసి ఉలి అందుకున్నాడు. పెళ్లికొడుకులా మొహం వెలిగిపోతోంది. రంగు పెచ్చులుగా రాలుతుంటే అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చివరిదాని దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. అది తొమ్మిది. తోక సగంలో తెగిపోయి ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. గోటితో తడిమాడు.

కుర్రతనంలో, నాటు ఫ్రేముల మీద అంకెలు గుద్ది డచ్చివాళ్లవని జనానికి అంటగట్టే రోజుల్లో, మొన విరిగిన అచ్చుతో ఆ తొమ్మిదిని కొట్టింది తనే.